నెలలు నిండని బిడ్డకు పొడిపాలు కలిపేవారికి

నవజాత శిశువుల ఐసీయూలో పద్దెనిమిదేళ్లు నర్సుగా పనిచేశాను. బిడ్డను ఇంటికి పంపే రోజున ప్రతి తల్లికీ ఒక మాట చెప్పేదాన్ని: పాలపొడి క్రిమిరహితం కాదు. చాలామంది నమ్మరు. సీలు తీయని డబ్బాలోకి క్రిమి ఎలా వస్తుందని ఎదురు అడుగుతారు. తయారీలోనే చేరవచ్చు, మూత తీశాక ఇంట్లోనూ చేరవచ్చు. క్రోనోబ్యాక్టర్ సకజాకీ అనే బ్యాక్టీరియా తడి లేని పొడిలోనూ చాలాకాలం బతుకుతుంది. దీనివల్ల జబ్బు రావడం చాలా అరుదు. వస్తే మాత్రం రక్తం నుంచి మెదడు పొరలకు పాకి, మెదడులో చీముగడ్డలు కట్టిస్తుంది. తల్లి నుంచి బిడ్డకు యాంటీబాడీలు, అంటే రోగాలతో పోరాడే రక్షణ పదార్థాలు, ఎక్కువగా చేరేది గర్భం చివరి మూడు నెలల్లోనే. ముందే పుట్టిన బిడ్డకు ఆ వాటా సరిగా అందదు.

తల్లిపాలు ఉన్నంతవరకు అవే పట్టండి. పొడి తప్పదంటే, క్రిమిరహితం చేసి ద్రవరూపంలో అమ్మే పాలు వాడవచ్చేమో డాక్టరును అడగండి. అదీ కుదరకపోతే నీళ్లు బాగా మరిగించి, 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకముందే పొడి వేయండి. గోరువెచ్చని నీళ్లలో కలపడం నేను అందరికంటే ఎక్కువగా అమ్మమ్మల దగ్గర చూసిన పొరపాటు. ఆ వేడికి క్రిమి చావదు సరికదా, హాయిగా పెరుగుతుంది. లీటరు నీళ్లయితే పొయ్యి ఆపిన అరగంటలోపు కలిపేయాలి. గిన్నెలో కొంచెమే ఉంటే ఇంకా ముందే చల్లారిపోతాయి. కలిపాక మూత బిగించి, సీసాను చల్లటి నీళ్లలో ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి చూశాకే పట్టండి. రెండు గంటలు దాటినవి, బిడ్డ తాగగా మిగిలినవి పారబోయండి. మనసొప్పదని తెలుసు, అయినా పారబోయండి.

పాలు పిండే పంపు భాగాలను సింకులో పడేసి కడగవద్దు. వాటికంటూ వేరే గిన్నె, వేరే బ్రష్షు పెట్టుకుని, కడిగాక పూర్తిగా ఆరనివ్వండి.

ఇక, జ్వరం వస్తే చూద్దాంలే అని కూర్చోకండి. ఈ పిల్లల్లో చాలాసార్లు ఒళ్లు చల్లబడుతుంది. గుండెలకు హత్తుకున్నా ఉష్ణోగ్రత 36.5 డిగ్రీల సెల్సియస్‌కు చేరకపోవడం, నిన్నటిదాకా తాగిన పాలు ఇవాళ తాగకపోవడం, ఊపిరి మధ్యలో ఆగడం, కీచుమని ఏడవడం, సైకిలు తొక్కుతున్నట్టు కాళ్లాడించడం, ఊరికే చప్పరించడం... వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి. మాడు ఉబ్బడం చాలావరకు ఆలస్యంగా కనిపించే గుర్తు. మెడ బిగుసుకోవడం అసలు కనిపించకపోవచ్చు.

అక్కడ వెన్ను నుంచి నీరు తీస్తామంటారు. కాళ్లు పడిపోతాయని బంధువులు భయపెడతారు. కానీ వెన్నుపాము ముగిసిన చోటుకు కిందనే సూది గుచ్చుతారు. రక్తపరీక్షలో క్రిమి దొరకకపోయినా వెన్నునీటిలో దొరకవచ్చు కాబట్టి, బిడ్డ తట్టుకునే స్థితిలో ఉంటే ఒప్పుకోండి. ఈ రకం క్రిమి మెదడు పొరలకు సోకితే సూదిమందు సాధారణంగా కనీసం 21 రోజులు పడుతుంది. బిడ్డ తేరుకుందని మధ్యలో ఇంటికి తీసుకుపోవద్దు. ఆస్పత్రి వదిలే ముందు వినికిడి పరీక్ష తేదీ రాయించుకోండి, తల చుట్టుకొలత ఎప్పుడెప్పుడు కొలవాలో కూడా అడగండి.