కోణాల లెక్క మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

పటంలో ఇచ్చినదేది, మన కంటికి అనిపిస్తున్నదేది అన్న తేడాను ముందుగా గుర్తించాలి. రెండు గీతలు సమాంతరంగా కనిపించినంత మాత్రాన సమాంతరాలు కావు. వాటిపై బాణపు గుర్తులు ఉన్నాయో లేదో, లేక ప్రశ్నలో ఆ మాట స్పష్టంగా చెప్పారో లేదో చూసుకున్న తరువాతే ఏకాంతర కోణాలు (రెండు గీతలను మూడో గీత ఖండించినప్పుడు, ఆ రెండింటి మధ్య, మూడో గీతకు చెరో పక్కన, చెరో ఖండన బిందువు దగ్గర ఏర్పడే కోణాలు) సమానమని రాయాలి. నల్లగొండ నుంచి మిర్యాలగూడ వైపు పోయే రైలు పట్టాలను ఒక మట్టిబాట ఏటవాలుగా దాటుతున్నదనుకోండి. పట్టాలు తిన్నగా ఉన్న చోట బాట ఒక పట్టాతో 62° కోణం చేస్తే, రెండో పట్టా దగ్గరి ఏకాంతర కోణం కూడా 62° అవుతుంది, దాని పక్క కోణం 118° అవుతుంది. మలుపు దగ్గర ఈ వాదన పనికిరాదు.

శీర్షాభిముఖ కోణాలకు, అంటే రెండు గీతలు ఖండించుకున్న చోట ఎదురెదురుగా ఏర్పడే కోణాలకు, ఈ సమాంతర షరతు లేదు. రెండు సరళరేఖలు ఖండించుకుంటే చాలు, అవి సమానమవుతాయి.

కోణమానినిపై అంకెలు రెండు వరుసల్లో ఉంటాయి కనుక, కొలిచే ముందే కోణం 90° కంటే చిన్నదా, పెద్దదా అని అంచనా వేసుకోవాలి. మా తరగతిలో ఏటా కొందరు పిల్లలు సన్నటి కోణం గీసి, పక్కన 118° అని నింపాదిగా రాస్తారు. నల్లబల్ల మీద నేనూ ఒకసారి అదే పని చేశాను, పిల్లలే దిద్దారు.

త్రిభుజంలో బాహ్యకోణం (ఒక భుజాన్ని పొడిగిస్తే బయట ఏర్పడే కోణం) అడిగినప్పుడు దానికి ఆనుకుని ఉన్న అంతరకోణాన్ని కలపకూడదు. దూరంగా ఉన్న రెండు అంతరకోణాలు 50°, 60° అయితే వాటి మొత్తమే బాహ్యకోణం, అంటే 110°. ఆనుకుని ఉన్న 70° దీనితో కలిసి 180° అవుతుంది.