అమెరికాలో షాపు లీజుకు పర్సనల్ గ్యారంటీ: సంతకానికి ముందు, షాపు మూసేటప్పుడు ఏం చేయాలి?

న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో ఒక స్ట్రిప్ మాల్‌లో (రోడ్డు పక్కన వరుసగా షాపులుండే సముదాయంలో) బిర్యానీ రెస్టారెంటో, ఇండియన్ గ్రోసరీయో పెట్టాలనుకునేవాళ్ళు మొట్టమొదట చేసే పని ఎల్‌ఎల్‌సీ (లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ) రిజిస్టర్ చేయించడం. వ్యాపారం దెబ్బతిన్నా సొంత ఇంటి జోలికి, దాచుకున్న డబ్బు జోలికి ఎవరూ రారన్న ధీమా దాంతో వస్తుంది. లీజు ఫైలు చివర్లో ఉండే రెండు మూడు పేజీల మీద సంతకం పెట్టగానే అద్దె విషయంలో ఆ ధీమాకు అర్థం లేకుండా పోతుంది. ఆ పేజీలే పర్సనల్ గ్యారంటీ. కంపెనీ అద్దె కట్టకపోతే నా సొంత ఆస్తి నుంచి కడతానని వ్యాపారం యజమాని ల్యాండ్‌లార్డ్‌కు రాసిచ్చే పూచీకత్తు అది.

ఇందులో ల్యాండ్‌లార్డ్‌ను తప్పుపట్టడానికేం లేదు. నిన్నగాక మొన్న పుట్టిన కంపెనీకి బ్యాంకులో డబ్బూ ఉండదు, పేరూ ఉండదు. అలాంటి కంపెనీని నమ్మి పదేళ్ళకు స్థలం ఇవ్వమంటే ఎవరైనా పూచీ అడుగుతారు. కాబట్టి గ్యారంటీ అసలు ఇవ్వనని భీష్మించుకుంటే మంచి లొకేషన్ దొరకడం కష్టం. ఎంత వరకు ఇస్తున్నాం, ఎప్పుడు బయటపడతాం అన్నవి మాత్రం బేరమాడి రాయించుకోవచ్చు. ఆ బేరానికి సమయం సంతకానికి ముందే. తర్వాత అవతలివాళ్ళకు వినాల్సిన అవసరం ఉండదు.

ముందు లెక్క వేయండి

లీజు చేతికి రాగానే నెల అద్దె ఒక్కటే చూడకండి. స్ట్రిప్ మాల్ లీజుల్లో చాలావరకు ట్రిపుల్ నెట్ పద్ధతి. అంటే ప్రాపర్టీ టాక్సు, ఇన్సూరెన్సు, పార్కింగ్ లాట్ నిర్వహణ, మంచు తీసే ఖర్చుల వంటి కామన్ ఏరియా చార్జీలూ మీ వాటా కింద పడతాయి. అన్నీ కలిపి నెలకు 8,000 డాలర్లు అనుకుందాం. పదేళ్ళ లీజులో మూడో ఏడు చివర షాపు మూతపడితే ఇంకా 84 నెలలు మిగిలి ఉంటాయి. అద్దె పెంపు వదిలేసినా 6,72,000 డాలర్లు. పరిమితి లేని గ్యారంటీ ఇచ్చినవాడు కాగితం మీద ఒప్పుకున్నది ఈ మొత్తానికి. కొత్త అద్దెదారు దొరికితే ఇది తగ్గవచ్చు, కానీ తగ్గుతుందో లేదో రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ఆ సంగతి తర్వాత చూద్దాం.

మీ సొంత అంకెలతో ఈ లెక్క వేసి, ఇంట్లో ఇద్దరూ కూర్చుని చూసుకోండి. బ్రోకర్ ఈ లెక్క వేసి చూపించడు. లీజు కుదిరితేనే ఆయనకు కమిషన్.

పత్రంలో ఏం వెతకాలి

గ్యారంటీని లీజుతో కలిపి గబగబా తిప్పేయకుండా విడిగా చదవండి. ముఖ్యంగా నాలుగు చోట్ల ఆగాలి.

మొదటిది, పూచీ లీజు పొడిగింపులకూ, సవరణలకూ, బదిలీలకూ కూడా వర్తిస్తుందన్న వాక్యం. ఇది ఉంటే అయిదేళ్ళ తర్వాత ఇంకెవరో రెన్యూ చేసిన లీజుకు కూడా మీరే పూచీ.

రెండోది, జాయింట్ అండ్ సెవరల్ అన్న మాట. ముగ్గురు పార్టనర్లు తలా మూడో వంతు వాటాదారులైనా, ల్యాండ్‌లార్డ్ మొత్తం బాకీ ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు. ఏదైనా అమ్ముకుని కట్టగలిగింది ఎవరో చూసి వాళ్ళ మీదికే వస్తారు. మిగతా ఇద్దరి వాటా రాబట్టుకోవడం ఆ కట్టినవాడి తలనొప్పి.

మూడోది, వదులుకునే హక్కుల జాబితా. నోటీసు హక్కు, జ్యూరీ హక్కు, ముందు కంపెనీ దగ్గర వసూలు చేసుకుని ఆ తర్వాతే నా దగ్గరికి రండి అనే హక్కు, ఇవన్నీ ఒకే పేరాలో పోతాయి. ఎదుటివారి లాయర్ ఫీజులు కూడా మీరే కట్టాలన్న వాక్యం ఎక్కడో దగ్గర్లోనే ఉంటుంది.

నాలుగోది పెన్సిల్వేనియాలో లీజు తీసుకునేవాళ్ళకు మరీ ముఖ్యం. అక్కడి కమర్షియల్ లీజుల్లో కన్ఫెషన్ ఆఫ్ జడ్జిమెంట్ అనే క్లాజ్ తరచూ కనిపిస్తుంది. అది ఉంటే ముందుగా విచారణ లేకుండానే మీ మీద కోర్టు తీర్పు నమోదు చేయించుకోవచ్చు. ఆ క్లాజ్ తీసేయమని గట్టిగా అడగండి.

బేరం ఎలా ఆడాలి

లీజు డ్రాఫ్టు దాకా ఆగకండి. అంతకు ముందు లెటర్ ఆఫ్ ఇంటెంట్ అని ఒకటి రెండు పేజీల కాగితం నడుస్తుంది. అద్దె, గడువు, ఫ్రీ రెంట్ నెలలతో పాటు గ్యారంటీ షరతు కూడా అందులోనే రాయించండి. "పర్సనల్ గ్యారంటీ ఇవ్వబడును" అని ఊరికే రాసి పంపిస్తే, తర్వాత వచ్చేది పరిమితి లేని గ్యారంటీయే.

అడగదగ్గవి కొన్ని ఉన్నాయి. పూచీని 12 నెలల అద్దెకు పరిమితం చేయమనడం ఒకటి. పై లెక్కలో అది 96,000 డాలర్లు, 6,72,000 కాదు. ఆలస్యం లేకుండా అద్దె కట్టిన ప్రతి ఏడాదికీ పూచీ కొంత తగ్గుతూ, మూడో ఏడో నాలుగో ఏడో దాటాక పూర్తిగా రద్దయ్యేలా రాయించడం ఇంకొకటి. చేతిలో డబ్బుంటే సెక్యూరిటీ డిపాజిట్ పెంచి గానీ, బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ (మీరు కట్టకపోతే తాను కడతానని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) ఇచ్చి గానీ గ్యారంటీని తప్పించుకోవచ్చు. షాపు లోపలి పనులకు ల్యాండ్‌లార్డ్ డబ్బు ఇస్తుంటే మాత్రం ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోడు. ఆ డబ్బు తిరిగి వచ్చేదాకా పూచీ కావాలంటాడు. అది సమంజసమే.

నా దృష్టిలో చిన్న వ్యాపారికి అన్నింటికన్నా పనికొచ్చేది న్యూయార్క్ నగరంలో బాగా వాడుకలో ఉన్న గుడ్ గై గ్యారంటీ. వ్యాపారం నడవకపోతే ముందుగా నోటీసు ఇచ్చి, ఖాళీ చేసే రోజు దాకా అద్దె కట్టి, స్థలం ఖాళీగా శుభ్రంగా అప్పగించి, తాళాలు ఇచ్చేస్తే ఆ రోజుతో యజమాని సొంత పూచీ ఆగిపోతుంది. కంపెనీ మీద బాకీ మిగిలే ఉంటుంది గానీ, మూతపడ్డ కంపెనీ దగ్గర ఏముంటుంది? ల్యాండ్‌లార్డ్‌కు కూడా ఇందులో లాభం ఉంది. నెలల తరబడి కోర్టులో ఖాళీ చేయించే పని లేకుండా స్థలం చేతికొస్తుంది. 90 రోజుల నోటీసు షరతు అయితే పై ఉదాహరణలో మీ సొంత భారం ఆ మూడు నెలల అద్దె, అంటే 24,000 డాలర్లు, దానిపైన పాత బకాయిలు. ఈ పేరు వినని రాష్ట్రాల్లో కూడా ఇదే షరతును మామూలు మాటల్లో రాయించుకోవచ్చు.

అయితే షరతులు అక్షరం పొల్లుపోకుండా పాటించాలి. 90 రోజుల నోటీసు అని రాసుంటే 60 రోజులు చాలవు. నోటీసు ఈమెయిల్‌లో చెల్లదని రాసుంటే వాట్సాప్ మెసేజ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. లోపల పాత ఫ్రీజర్ వదిలేసి వచ్చినా "ఖాళీగా అప్పగించలేదు" అని వాదిస్తారు.

ఎవరు సంతకం పెట్టాలి

లీజు మీద సంతకం చేసేటప్పుడు కంపెనీ పేరు రాసి, కింద మీ పేరు పక్కన మేనేజర్ అనో ప్రెసిడెంట్ అనో హోదా రాయండి. లేకపోతే గ్యారంటీ లేకుండానే లీజుకు మీరు సొంతంగా బాధ్యులన్న వాదన వస్తుంది. గ్యారంటీ పత్రం మీద హోదా రాసి తప్పించుకోవచ్చనుకోకండి, అది ఉన్నదే సొంత పూచీ కోసం.

భార్య లేదా భర్త సంతకం కూడా కావాలని అడిగితే ఎందుకని అడగండి. అరిజోనాలో దీనికి చట్టపరమైన కారణం ఉంది. దంపతుల ఉమ్మడి ఆస్తికి పూచీ తగలాలంటే అక్కడ ఇద్దరూ సంతకం చేయాలి. అంటే రెండో సంతకం పెట్టకపోవడమే అక్కడ మీకు రక్షణ.

ఇక మనవాళ్ళలో తరచూ జరిగేది ఒకటుంది. షాపు పెట్టేవాడికి క్రెడిట్ హిస్టరీ ఉండదు. సాఫ్ట్‌వేర్ జీతం, మంచి స్కోరు ఉన్న స్నేహితుడినో బావగారినో "ఒక్క సంతకమే" అని అడుగుతారు. మొహమాటానికి పెట్టేస్తారు. పది శాతం వాటా ఉన్నవాడు నూరు శాతం బాకీకి పూచీ ఎందుకు పడాలి? తప్పదంటే పూచీని డాలర్ల అంకెతో పరిమితం చేయించండి, మిగతా పార్టనర్లతో వాటాల ప్రకారం భరిస్తామని విడిగా రాయించుకోండి.

షాపు అమ్మేటప్పుడు

ఎక్కువమంది మునిగేది ఇక్కడే. రెస్టారెంటు ఇంకొకరికి అమ్మేశాం, డబ్బు ముట్టింది, లీజు వాళ్ళ పేరు మీదికి మారింది, మన పని అయిపోయిందనుకుంటారు. లీజు మారినంత మాత్రాన గ్యారంటీ రద్దు కాదు. కొన్నవాళ్ళు రెండేళ్ళ తర్వాత అద్దె ఎగ్గొడితే దావా నోటీసు పాత యజమాని ఇంటికి వస్తుంది.

అందుకని అమ్మకం ఒప్పందంలోనే ఒక షరతు పెట్టండి: ల్యాండ్‌లార్డ్ నన్ను గ్యారంటీ నుంచి విడుదల చేస్తూ సంతకం పెట్టిన పత్రం ఇస్తేనే క్లోజింగ్, అంటే అమ్మకం పూర్తి చేయడం. కొనేవాడి సొంత గ్యారంటీ ఇప్పిస్తే చాలామంది ఒప్పుకుంటారు. ససేమిరా అంటే, కనీసం ఆ రోజు దాకా ఉన్న లీజు గడువుకే మీ పూచీ, రెన్యూవల్స్‌కు లేదని రాయించండి. కొనేవాడి నుంచి కూడా, మీరు కట్టాల్సి వస్తే తిరిగి ఇస్తానన్న హామీ, వీలైతే కొంత డిపాజిట్, తీసుకోండి. పార్టనర్‌షిప్ నుంచి బయటికి వచ్చేవాళ్ళకూ ఇదే పద్ధతి. వాటా అమ్మినా సంతకం అక్కడే ఉంటుంది.

అద్దె కట్టలేని పరిస్థితి వస్తే

తాళం వేసి, ఫోన్లు ఎత్తకుండా కూర్చోవడం అన్నింటికన్నా నష్టం. రెండు మూడు నెలల ముందే అంకెలు తెలిసిపోతాయి కాబట్టి, బకాయి పెరగకముందే లాయర్‌ను కలిసి ల్యాండ్‌లార్డ్‌తో మాట మొదలుపెట్టండి. స్థలానికి కొత్త అద్దెదారును మీరే వెతికి తెస్తే బేరం చాలా తేలికవుతుంది. కొంత మొత్తం ఒకేసారి కట్టి లీజు రద్దు చేసుకోవడం మామూలుగా జరిగేదే. కానీ తాళాలు తీసుకున్నంత మాత్రాన బాకీ మాఫీ అయినట్టు కాదు. రద్దు ఒప్పందంలో కంపెనీ పేరుతో పాటు గ్యారంటీ ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరూ ఉండాలి.

ఇందాక అన్న రాష్ట్రాల తేడా ఇక్కడ వస్తుంది. టెక్సస్‌లో మీరు వదిలేసిన స్థలానికి కొత్త అద్దెదారును వెతికే బాధ్యత ల్యాండ్‌లార్డ్‌ది. లీజులో దాన్ని ఎత్తేసినా ఆ వాక్యం చెల్లదని అక్కడి ప్రాపర్టీ కోడ్ చెబుతోంది. న్యూజెర్సీలో కమర్షియల్ లీజులకూ ఆ బాధ్యత ఉందని 1991లో రాష్ట్ర సుప్రీం కోర్టు చెప్పింది. నది దాటి న్యూయార్క్ వెళ్తే ఇది తలకిందులు. కెన్నెత్ కోల్ చెప్పుల కంపెనీ కేసులో 1995లో అక్కడి అత్యున్నత కోర్టు, కమర్షియల్ ల్యాండ్‌లార్డ్ స్థలాన్ని ఖాళీగా ఉంచి అద్దె అడగవచ్చని తీర్పిచ్చింది. ఒకే బ్రాండ్ రెస్టారెంటు జెర్సీ సిటీలో ఒకటి, మన్‌హట్టన్‌లో ఒకటి మూస్తే యజమాని నెత్తిన పడే బాకీలు వేర్వేరుగా ఉండేది ఇందుకే.

చట్టం మారి కాపాడుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. కోవిడ్ కాలంలో 2020 మార్చి నుంచి 2021 జూన్ చివరి దాకా పడ్డ కొన్ని రకాల బకాయిలకు యజమానుల సొంత గ్యారంటీలు అమలు చేయకూడదని న్యూయార్క్ నగరం చట్టం చేసింది. ల్యాండ్‌లార్డులు ఫెడరల్ కోర్టుకెళ్ళారు. 2023లో జిల్లా కోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని తేల్చింది, 2024లో అప్పీలు కోర్టు దావా వేసే అర్హత లేదంటూ ఆ తీర్పును రద్దు చేసింది.

కంపెనీ చేత దివాలా పిటిషన్ వేయిస్తే చాలనే సలహా కూడా వినిపిస్తుంటుంది. దివాలా తీసిన కంపెనీ మీద ల్యాండ్‌లార్డ్ అడగగలిగే భవిష్యత్ అద్దెకు ఫెడరల్ చట్టం పరిమితి పెట్టింది, నిజమే. ఆ పరిమితీ, వసూళ్ళ మీద వచ్చే స్టే కూడా సాధారణంగా కంపెనీకే. గ్యారంటీ ఇచ్చిన మనిషి మీద దావా నడుస్తూనే ఉంటుంది.

దావా కాగితాలు వస్తే

కోర్టుకు జవాబు ఇవ్వాల్సిన గడువు తేదీని ఆ రోజే క్యాలెండర్‌లో రాసుకోండి. న్యూజెర్సీలో 35 రోజులు, కాలిఫోర్నియా కోర్టుల్లో 30 రోజులు. న్యూయార్క్‌లో ఫిర్యాదు పత్రం లేకుండానే, గ్యారంటీ కాగితం ఆధారంగా నేరుగా తీర్పు ఇమ్మని అడిగే పద్ధతి ఉంది. అక్కడ మెల్లగా చూద్దాం అనుకునే వీలే లేదు. గడువు దాటితే లెక్క తప్పైనా సరే అడిగినంతకూ తీర్పు వచ్చేసే ప్రమాదం ఉంది.

మీ లాయర్‌కు ఇవ్వాల్సింది: లీజు, సవరణలు, గ్యారంటీ, అద్దె కట్టిన రుజువులు, ఖాళీ చేసిన రోజు తీసిన ఫోటోలు, తాళాలు అందుకున్నట్టు రసీదు, ఈమెయిళ్ళు. బకాయి లెక్కను పద్దు పద్దుగా సరిచూడమనండి. డిపాజిట్ తగ్గించకపోవడం, కొత్త అద్దెదారు వచ్చాక కూడా అద్దె కలపడం, కామన్ ఏరియా చార్జీలు రెండుసార్లు వేయడం, ఇలాంటివి వాదనకు దొరుకుతాయి.

చివరికి రాజీ కుదిరితే, డబ్బు కట్టే ముందే విడుదల పత్రం మీద సంతకాలు పూర్తి చేయించండి. అప్పటికే తీర్పు నమోదై ఉంటే, బాకీ తీరిందన్న పత్రాన్ని ఆ తీర్పు నమోదైన ఆఫీసులో ఫైల్ చేయించి ఒక కాపీ దగ్గర ఉంచుకోండి. లేదంటే ఏళ్ళ తర్వాత ఇల్లు అమ్మేటప్పుడో, రీఫైనాన్స్ చేసేటప్పుడో టైటిల్ సెర్చ్‌లో ఆ తీర్పు బయటపడి, అప్పటికి ఎక్కడున్నాడో తెలియని పాత ల్యాండ్‌లార్డ్ సంతకం కోసం వెతకాల్సి వస్తుంది.