మంచు చిరుతను చూడటానికి కిబ్బర్‌కు ఎలా వెళ్లాలి?

హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో, సుమారు 4,200 మీటర్ల ఎత్తున ఉన్న చిన్న ఊరు కిబ్బర్. చుట్టూ 1992లో ఏర్పడిన అభయారణ్యం. పేరుకే అరణ్యం, చెట్టన్నది కనపడదు. అన్నీ రాళ్లు, లోయలు, మంచు. మన దేశంలో మంచు చిరుతలు 718 ఉండొచ్చని 2024లో లెక్క తేలింది. వాటిని కళ్లారా చూసే అవకాశం బాగా ఉన్న చోట్లలో కిబ్బర్ ఒకటి. వెళ్లాలనుకునేవాళ్లు కెమెరా, లెన్సుల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు సెలవులు ఎక్కువ పెట్టుకోండి. ఈ ప్రయాణంలో తొందరపడితే చిరుత కనపడకపోవడం అటుంచి, ఆరోగ్యమే దెబ్బతింటుంది.

ముందు నెల చూసుకోండి

జనవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా మంచి సమయం. పైన గడ్డిని మంచు కప్పేయడంతో భరల్ అనే కొండ గొర్రెలు, ఐబెక్స్ మేకలు ఊరి దగ్గరికి దిగుతాయి. వాటి వెనకే చిరుతలూ వస్తాయి. వేసవిలో వెళితే బఠానీ, బార్లీ చేలు, చక్కటి నడక దారులు, లోతైన లోయ మీద కట్టిన చిచమ్ వంతెన చూడొచ్చు. చిరుత మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

మెల్లగా ఎక్కండి

మనాలి వైపు దారి చలికాలంలో మూసేస్తారు. హైదరాబాద్ నుంచి చండీగఢ్‌కు విమానంలో వెళ్లి, అక్కడి నుంచి సిమ్లా, కిన్నౌర్ మీదుగా స్పితిలోని ముఖ్య పట్టణం కాజా చేరాలి. సిమ్లా నుంచి కాజాకు 400 కిలోమీటర్ల పైమాటే. సముద్ర మట్టానికి దగ్గర్లో పుట్టి పెరిగిన మనం ఒక్కసారిగా అంత పైకి వెళ్తే ఒళ్లు తట్టుకోదు. సరహన్‌లోనో నార్కండలోనో ఒక రాత్రి, కల్పాలో ఒకటి, తాబోలో ఒకటి, కాజాలో కనీసం రెండు రాత్రులు ఆగి, ఆ తర్వాతే కిబ్బర్ ఎక్కండి. తాబోలో 996 నాటి బౌద్ధ ఆరామం ఉంది, ఆగినందుకు అదీ చూడొచ్చు.

కొద్దిగా తలనొప్పి, నిద్ర పట్టకపోవడం మామూలే. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, అడుగులు తడబడుతున్నా, మాట తేడాగా ఉన్నా వెంటనే కిందికి దిగాలి. తెల్లారేదాకా చూద్దామని ఆగొద్దు. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు బయల్దేరే ముందే డాక్టరును అడగండి.

అమెరికా, ఆస్ట్రేలియా పాస్‌పోర్టు ఉన్న మనవాళ్లు ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉంది కదా అనుకోవద్దు. ఈ సరిహద్దు దారికి విదేశీయుల్లాగే పర్మిట్ తీసుకోవాలి. దారిలో వచ్చే కిన్నౌర్ జిల్లా కేంద్రం రికాంగ్ పియోలో ఇస్తారు.

ఊళ్లో హోమ్‌స్టేలో దిగండి

ఇంట్లో అందరూ ఇనుప పొయ్యి చుట్టూ చేరే గదే అక్కడ హాలూ, భోజనాల గదీ. ఆ పొయ్యిని వాళ్లు తందూర్ అంటారు. ఎదురుపడిన పెద్దవాళ్లకు "జూలే" అని నమస్కారం చెప్పండి. తుక్పా అనే నూడుల్స్ సూపు, మోమో, పప్పన్నం దొరుకుతాయి. అంత ఎత్తులో నీళ్లు సుమారు 86 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి అన్నం కుక్కర్‌లోనే ఉడకాలి. అది లేదు, ఇది లేదు అని ఇంటావిడను ఇబ్బంది పెట్టకండి. కుళాయిలు గడ్డకడతాయి, స్నానం సంగతి మర్చిపోండి. మరుగుదొడ్డిలో నీళ్లు పోయరు, పని అయ్యాక పక్కనున్న మట్టి పారతో వేయాలి. టిష్యూలు, ప్లాస్టిక్ మీతోనే వెనక్కి తెచ్చుకోండి.

చిరుతను వెతకడం

ఊళ్లోని స్పాటర్లను ముందే మాట్లాడుకోండి. వాళ్లు తెల్లవారుజామునే టెలిస్కోపుతో కొండ అంచులు వరసగా గాలిస్తారు. మంచులో అడుగుజాడలు చూస్తారు. భరల్ మంద మేయడం ఆపి, అన్నీ ఒకే వైపు కదలకుండా చూస్తున్నాయంటే అటే కళ్లు పెట్టండి. కాకులు, పెద్ద రాబందులు ఒకే చోట తిరుగుతుంటే కింద వేట పడి ఉండొచ్చు. పెద్ద జంతువును చంపితే చిరుత మూడు నాలుగు రోజులు ఆ చుట్టుపక్కలే ఉంటుంది.

స్పాటర్ చూపించినా మొదట మీకు రాళ్లే కనిపిస్తాయి, దాని ఒంటి రంగు అలాంటిది. తోక కోసం చూడండి. మీటరు దాకా పొడవుండే ఆ మందపాటి తోకను పడుకున్నప్పుడు మొహం మీద కప్పుకుంటుంది. అది కాస్త కదిలిందంటే మిగతా ఒళ్లంతా రాళ్లలోంచి విడిగా తెలుస్తుంది. దగ్గరికి వెళ్లే ప్రయత్నం, డ్రోన్ ఎగరేయడం అస్సలు వద్దు. వేట వదిలేసి పోయిందంటే ఆ చలిలో దానికి మళ్లీ తిండి దొరకడం కష్టం.

ఈ ఊరివాళ్లు 1990ల చివర్లో తమ మేత భూమిలో కొంత భాగంలోకి పశువులను తోలడం మానేశారు. అక్కడ భరల్ పెరిగాయి. చిరుత పశువును చంపితే పరిహారం అందేలా ఊరే నడిపే బీమా కూడా వచ్చింది. అందుకే స్పాటర్ కూలి దగ్గర, గది అద్దె దగ్గర బేరాలు ఆడకండి.

సర్దుకోవాల్సినవి

రాత్రి చలి మైనస్ 25 డిగ్రీల దాకా పోతుంది. థర్మల్స్, ఫ్లీస్, డౌన్ జాకెట్, రెండు జతల గ్లవ్స్, మంచు బూట్లు, చలువ కళ్లద్దాలు, వేడినీళ్ల ఫ్లాస్క్ కావాలి. జీన్స్ తడిస్తే ఆరదు, ఇంట్లోనే వదిలేయండి. కెమెరా బ్యాటరీలు చలికి త్వరగా అయిపోతాయి, లోపలి జేబులో పెట్టుకోండి. నగదు దగ్గర ఉంచుకోండి. మంచు పడినా, కొండచరియలు విరిగినా దారి ఒకట్రెండు రోజులు ఆగిపోవచ్చు, కాబట్టి తిరుగు విమానానికి ముందు కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచి టికెట్ తీసుకోండి.