చేత్తో చేసిన చెక్క పనిముట్టుకు ఏ పూత వేయాలి?

ఉలి పిడి, గొడ్డలి కామ, పప్పుగుత్తి. మూడూ కర్రవే అయినా మూడింటికీ ఒకే పూత పనికిరాదు. డబ్బా కొనే ముందు ఆ పనిముట్టు రోజూ ఎక్కడ నలుగుతుందో చూసుకోండి.

పిడి, కామ లాంటివి చేతిలో నలుగుతాయి. వీటికి వార్నిష్ వద్దు. కొత్తలో తళతళలాడినా, చెమట చేతిలో జారుతుంది, రాపిడికి పెచ్చులుగా లేస్తుంది, పైగా అరచేతిలో బొబ్బలు. అవిసె నూనె మేలు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి అది కర్రలోనే గట్టిపడుతుంది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరి నూనె రాస్తారు చాలామంది. అది ఎన్నాళ్లయినా ఆరదు, జిడ్డుగా మిగిలిపోతుంది.

పచ్చి అవిసె నూనె ఆరడానికి వారాలు పడుతుంది. హార్డ్‌వేర్ షాపులో అడగాల్సింది ‘బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్’. త్వరగా ఆరడానికి అందులో లోహ లవణాలు కలుపుతారు కాబట్టి వంటింటి సామానుకు వాడకండి.

రాసే పద్ధతి: ముందు 120, తర్వాత 180, ఆపైన 220 నంబరు సాండ్ పేపర్‌తో రుద్దండి. తడిగుడ్డతో తుడిస్తే నూగు లేస్తుంది. ఆరాక మళ్లీ 220తో తేలిగ్గా రుద్దండి. నూనె పలచగా పట్టించండి. పిడి కొసలు ఎక్కువ తాగుతాయి, అక్కడ రెండోసారి పెట్టండి. పావుగంట ఆగి, పైన మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయండి. తుడవకపోతే బంకలా అంటుకుంటుంది. రోజుకో పూత చొప్పున మూడు చాలు.

నూనె గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దగా ఉన్న గుడ్డ దానంతటదే అంటుకోగలదు. ఆరుబయట పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

పప్పుగుత్తి, తెడ్డు, గరిటెలకు మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ రాయండి. నాలుగు వంతులు అది, ఒక వంతు తేనెమైనం కలిపి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగిస్తే ఇంకా బాగుంటుంది. నేరుగా మంట మీద పెట్టొద్దు. ఇది కడిగేకొద్దీ పోతుంది, కర్ర పాలిపోయినట్టు కనిపిస్తే మళ్లీ రాయాలి.

ఏటికొప్పాక బొమ్మల మెరుపు చూసి లక్క వేద్దామనిపిస్తుంది, నిజమే. అక్కడ తిరిగే కొయ్యకు లక్క కడ్డీ ఒత్తితే రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. అదే వేడికి మళ్లీ మెత్తబడుతుంది కూడా. అలమరలో ఉండే పెట్టెకు బాగుంటుంది, ఉడికే పప్పులో తిప్పే గరిటెకు కాదు.