దైవదూషణా, అపచారమా, నాస్తికత్వమా? ఏ మాట ఎక్కడ వాడాలి

దేవుడి విషయంలో ఎవరైనా కాస్త తేడాగా ప్రవర్తిస్తే చాలు దైవదూషణ అని రాసేస్తున్నారు జనం, చెప్పులతో గుళ్ళోకెళ్ళినా అదే మాట, నాకు నమ్మకం లేదన్నా అదే మాట, భక్తుడు కడుపుమండి దేవుణ్ణి నాలుగు మాటలన్నా అదే మాట. ఇవన్నీ ఒకటి కాదండీ. ఒక్కోదానికి మనకి ఒక్కో మాట ఉంది, అది వదిలేసి ఇంకోటి వాడితే ఎదుటి మనిషి మీద చెయ్యని తప్పు మోపినట్టే. వార్తలు రాసేవాళ్ళు, సబ్‌టైటిల్స్ రాసేవాళ్ళు, అనువాదాలు చేసేవాళ్ళు ఇది గట్టిగా పట్టించుకోవాలి.

ముందు అపచారం. పూజలో దేవుడికి చేసే మర్యాదలు ఉపచారాలు, షోడశోపచారాలంటే అవే, ఆవాహనం ఆసనం పాద్యం అంటూ పదహారు. ఆ మర్యాద తప్పితే అపచారం. దీనికి తిట్టక్కర్లేదు, కావాలని చెయ్యక్కర్లేదు, తెలీక జరిగినా అపచారమే.

"ఒరేయ్, దేవుడి గదిలోకి ఆ చెప్పులేంట్రా, అపచారం అపచారం, లెంపలేసుకో!"

"చూస్కోలేదు నానమ్మా."

"సర్లే, కాళ్ళు కడుక్కుని రా."

అయిపోయింది అంతే, ఎవరూ మనవణ్ణి పాపాత్ముడనలేదు. అపచారానికి దిద్దుబాటు ఉంటుంది, ఇంట్లో అయితే లెంపలు, గుళ్ళో అయితే సంప్రోక్షణ. అందుకే ఇది "జరిగింది"తో బాగా అతుకుతుంది, గుళ్ళో అపచారం జరిగింది అంటాం, ఎవరు చేశారో చెప్పకపోయినా వాక్యం నిలబడుతుంది. దూషణ అలా కాదు, దూషించినవాడు ఒకడుండాలి, వాడన్న మాట ఒకటుండాలి. అనుమానమొస్తే నేనైతే ముందు ఇదే చూస్తా.

శ్రీవైష్ణవులు అపచారంలోనే మళ్ళీ తేడాలు చెప్తారు, దేవుడి పట్ల చేస్తే భగవదపచారం, భక్తుల పట్ల చేస్తే భాగవతాపచారం. రెండోదే ఎక్కువ ఘోరం అంటారు, భక్తుడి పుట్టుక ఏంటని ఆరా తీసి తక్కువగా చూడటం కూడా అందులోకే వస్తుంది. ఈ మాట ఇంకా ఎక్కువమంది నోట్లో ఉంటే బాగుండునని నాకు చాలా గట్టిగా అనిపిస్తుంది.

అనాచారం, దురాచారం కూడా కలిపేస్తుంటారు. పద్ధతి పాటించకపోతే అనాచారం, పద్ధతే చెడ్డదైతే దురాచారం. సతీసహగమనం దురాచారం. రెండిట్లోనూ దేవుణ్ణి అవమానించే ఊసే లేదు.

ఇక నాస్తికుడు. ఇప్పుడు మనం దేవుడు లేడనేవాణ్ణి నాస్తికుడంటున్నాం గానీ పాత శాస్త్రాల్లో లెక్క వేరు, వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకోనివాడు నాస్తికుడు, అందుకే చార్వాకులతో పాటు బౌద్ధులు జైనులు కూడా ఆ లిస్టులో ఉన్నారు, అదే సాంఖ్యులు సృష్టికర్త ఈశ్వరుడి అవసరం లేదని వాదించినా వేదాన్ని కాదనలేదు కాబట్టి ఆస్తికుల్లోనే ఉన్నారు. పాత గ్రంథం గురించి రాసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి. దేవుడు లేడన్న మాట ఒక్కటే చెప్పాలంటే నిరీశ్వరవాదం సరిగ్గా సరిపోతుంది. నాస్తికుడు అనడంలో తిట్టు ఏమీ లేదు, దేవుడు లేడని ప్రచారం చేసిన గోరా (గోపరాజు రామచంద్రరావు) 1940లో ముదునూరులో మొదలుపెట్టిన సంస్థకి నాస్తిక కేంద్రం అనే పేరు, ఆ మాటని ఆయన తలెత్తుకుని వాడారు. అలాంటివాళ్ళని దైవద్రోహి అనడం భాష ప్రకారం కూడా తప్పే, నమ్మి మోసం చేస్తేనే ద్రోహం. పాషండుడు అనే మాట ఇంకా విచిత్రం, అశోకుడి శాసనాల్లో పాషండమంటే ఉత్త మతశాఖ, తర్వాత తర్వాత అదే తిట్టయి కూర్చుంది.

దూషణకి వద్దాం. దేవుణ్ణో ప్రవక్తనో గ్రంథాన్నో నోటితోనో రాతతోనో కావాలని కించపరిస్తే అప్పుడు వాడండి. తెలుగు బైబిల్లో వాడుక దేవదూషణ, చర్చికి సంబంధించి రాసేటప్పుడు అదే రాయండి, చదివేవాళ్ళకి వెంటనే అందుతుంది. ఇస్లాం గురించి రాస్తున్నప్పుడు షిర్క్‌ని దూషణ అనొద్దు, అది దైవానికి సాటి కల్పించడం, కుఫ్ర్ అంటే సత్యతిరస్కారం, తెలుగులో రాసే ముస్లింలు వాడే మాటలే ఇవి.

చట్టం గురించి రాసేటప్పుడు ఇంకా జాగ్రత్త. మన దేశంలో దైవదూషణ అనే పేరుతో నేరం లేదు. 1927లో అప్పటి శిక్షాస్మృతిలో (ఐపీసీలో) చేర్చిన 295ఎ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299, ఒక వర్గం మతాన్ని గానీ మతవిశ్వాసాల్ని గానీ అవమానించి వాళ్ళ మతభావాల్ని రెచ్చగొట్టడం గురించి, అదీ ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో చేస్తేనే. తెలీక, అజాగ్రత్తగా అన్న మాటలు దీని కిందకి రావని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. కాబట్టి కేసు వార్తలో "మనోభావాలు దెబ్బతిన్నాయని ఫిర్యాదు" అని రాయండి, "దైవదూషణ చేశాడు" అని తీర్పు మీరే ఇచ్చెయ్యొద్దు.

ఆఖరుది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, నిందాస్తుతి. పైకి తిట్టు, లోపల భక్తి. భద్రాచలం గుడి కట్టించి ఖైదులో పడ్డ కంచర్ల గోపన్న రాముడికి చేయించిన నగలన్నీ ఏకరువు పెట్టి, ఎవరి సొమ్మనుకుని కులుకుతున్నావని నిలదీశాడు, తర్వాత దెబ్బలు తట్టుకోలేక తిట్టానయ్యా ఏమీ అనుకోకని బతిమాలాడు. కాసుల పురుషోత్తమకవి అయితే కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రవిష్ణువు మీద శతకం శతకమే ఈ దారిలో రాశాడు. దీన్ని పట్టుకుని దూషణ అంటే ఎలా? గుర్తుపట్టడం కష్టమేం కాదు, భక్తుడు నువ్వు అని ఎదురుగా నిలబెట్టి దేవుడితోనే మాట్లాడుతుంటాడు, దూషించేవాడు మామూలుగా దేవుడి గురించి పక్కవాళ్ళకి చెప్తాడు. సీన్లో ఎవరైనా "నిన్ను నమ్ముకున్నందుకు ఇదా నాకు" అని విగ్రహం ముందు అరిస్తే కింద వివరణలో దేవుణ్ణి దూషించింది అని వెయ్యకండి, నిలదీసింది, అలిగింది, దెప్పింది, మొర పెట్టుకుంది, వీటిల్లో ఆ గొంతుకి ఏది సరిపోతే అది రాయండి.