లంక గ్రామాల మగపిల్లలతో సలహా బృందం నడిపేవారికి

గోదావరి పాయల నడుమ ఉన్న కోనసీమ లంక గ్రామాలలో ఏ పని తలపెట్టినా ముందు రేవు సంగతి చూసుకోవాలి. పి. గన్నవరం మండలంలోని ఊడిమూడిలంక, జి. పెదపూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట వంటి ఊళ్ళ వారు వేసవిలో నడిచి వెళ్ళే మట్టిబాట ఏళ్ళ తరబడి తొలి వరదకే కొట్టుకుపోతూ వచ్చింది. ఆ తరువాత బడికైనా, ఆసుపత్రికైనా, బజారుకైనా పడవే గతి. ఇటువంటి ఊళ్ళలో 13 నుంచి 17 ఏళ్ళ మగపిల్లలతో ఒక సలహా బృందం ఏర్పాటు చేసి, ఊరి వ్యవహారాలలో వారి మాట పెద్దల చెవిన పడేలా చూడదలచిన ఉపాధ్యాయులకు, ఆరోగ్య కార్యకర్తలకు, స్వచ్ఛంద సంస్థల వారికి పనికివస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను.

మగపిల్లలకు ప్రత్యేకంగా బృందం ఎందుకు అని చాలామంది అడుగుతారు. లంకల్లో వీరి పరిస్థితి చిత్రమైనది. నీరు పెరుగుతున్నదని తెలియగానే పశువులను మెరకకు తోలడం, బియ్యం బస్తాలు అటకెక్కించడం, ముసలివారిని ఎత్తుకుని పడవ ఎక్కించడం, మోకు పట్టుకుని నిలబడడం అన్నీ వీరి మీదే పడతాయి. వరద తీసిన తరువాత నష్టం లెక్కలు రాసే సభలో మాత్రం "పిల్లలు మీరు అవతలికి పొండిరా" అంటారు. వరద వచ్చినప్పుడు మగవాడు, సభ జరిగినప్పుడు పిల్లవాడు. కౌమార దశలోని ఆడపిల్లల కోసం కొన్ని పథకాలు ముందునుంచీ ఉన్నాయి, అవి అవసరం కూడా. 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ళ వయసున్న ఆడ, మగ పిల్లలందరికీ వర్తిస్తుంది కాని, లంకల్లో మగపిల్లలకు దాని పేరు కంటే బడిలో వారానికి ఒకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రే ఎక్కువ తెలుసు. ఆ మాత్ర ఎందుకు మింగాలో వారిలో ఎందరికి తెలుసునన్నది వేరే మాట.

సలహా వినేవారిని ముందు కుదుర్చుకోవాలి

బృందంలోకి పిల్లలను పిలవడానికి ముందే, వారి సలహా ఎవరికి చేరాలో తేల్చుకోవాలి. నా దృష్టిలో ఈ పని మొత్తంలో ఇదే కీలకం, ఎక్కువమంది వదిలేసేది కూడా ఇదే. పంచాయతీ కార్యదర్శి, ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు, ఏఎన్‌ఎం, రేవులో పడవ నడిపే హక్కును వేలంపాటలో దక్కించుకున్న పాటదారు, ఈ నలుగురిని విడివిడిగా కలిసి, "పిల్లలు ఏదైనా అడిగితే మీరు ముప్పై రోజుల్లో బదులు చెప్పగలరా?" అని సూటిగా అడగండి. కుదరదు అనే బదులు కూడా బదులే, కారణం చెబితే చాలు. కనీసం ఇద్దరైనా ఒప్పుకుని కాగితం మీద సంతకం పెట్టే దాకా బృందం మొదలుపెట్టవద్దు. పిల్లల చేత ఉత్సాహంగా పది సలహాలు చెప్పించి, ఆ తరువాత ఒక్కదానికీ సమాధానం తేలేకపోతే, వారు రెండో నెల నుంచి రావడం మానేస్తారు. వారిని తప్పుపట్టలేము.

ఎంపికలో తొందర వద్దు. పన్నెండు మంది చాలు, పదిహేను దాటితే వెనక వరుస మాట్లాడదు. సర్పంచిగారు ఇచ్చే జాబితాను గౌరవంగా తీసుకోండి గాని దానితోనే సరిపెట్టుకోవద్దు, ఎందుకంటే అందులో సాధారణంగా బడిలో మొదటి ర్యాంకు వచ్చే అబ్బాయిలు, పెద్దవారి పిల్లలు ఉంటారు. బడి మానేసి రొయ్యల చెరువుల మీద కాపలాకు వెళ్ళేవాడు, కొబ్బరికాయలు ఒలిచే పనికి వెళ్ళేవాడు, తండ్రి గల్ఫ్‌లో ఉండగా అమ్మమ్మ ఇంట్లో పెరుగుతున్నవాడు, సరిగా నడవలేక పడవ ఎక్కడానికి ఇబ్బంది పడేవాడు తప్పకుండా ఉండాలి. ప్రతి పేట నుంచీ కనీసం ఇద్దరు ఉండాలి. ఒక్కడే అయితే ఆ అబ్బాయి మౌనంగా కూర్చుంటాడు. సమావేశ స్థలం విషయంలో కూడా పేటల మాట గుర్తుంచుకోండి. గుడి అరుగు, చర్చి ఆవరణ, ఎవరి ఇంటి పంచ అయినా కొందరికి కాళ్ళు ముందుకు పడవు. బడి వరండా, లేదా రేవు దగ్గర చెట్టు కింద అందరూ వచ్చి కూర్చునే చోటు మేలు.

తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి, అబ్బాయిని కూడా విడిగా అడగాలి. అమ్మ ఒప్పుకున్నంత మాత్రాన అతనికి ఇష్టమని అనుకోకూడదు. కువైట్‌లో ఉన్న తండ్రితో మాట్లాడాలంటే శుక్రవారం మంచిది, అక్కడ ఆ రోజు సెలవు. తండ్రితో ఒకసారి ఫోన్‌లో మాట్లాడిన ఇళ్ళ నుంచి పిల్లలు మానకుండా రావడం నేను గమనించాను.

నది చూసి తేదీ పెట్టుకోవడం

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు చెబుతాను. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు సమావేశం పెట్టాను. మాటలు సాగి ఆరు అయింది. ఆవలి లంక నుంచి వచ్చిన ఇద్దరు అబ్బాయిలకు ఆఖరి పడవ అయిదుంపావుకే వెళ్ళిపోయిందని అప్పుడు తెలిసింది. వారిలో చిన్నవాడు ఏమీ అనలేదు, చెప్పులు చేతిలో పట్టుకుని నీటి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ రాత్రి వారు మా ఇంట్లోనే పడుకున్నారు, వారి తల్లులకు నేను ఫోన్‌లో సంజాయిషీ చెప్పుకున్నాను. అప్పటి నుంచి సమావేశం ఉదయం తొమ్మిదికి మొదలవుతుంది, పదిన్నరకు ముగుస్తుంది, ఎంత ముఖ్యమైన మాట మధ్యలో ఉన్నా సరే.

ఏడాది ప్రణాళికను కూడా నదిని బట్టి వేసుకోవాలి. జూన్‌లో బడులు తెరిచాక రెండు సమావేశాలు దగ్గర దగ్గరగా పెట్టి బృందాన్ని నిలబెట్టండి. జూలై నడిమి నుంచి సెప్టెంబరు దాకా అందరినీ ఒకచోటికి రప్పించవద్దు. ఏ లంక వారు ఆ లంకలోనే, అక్కడి పెద్ద ఒకరి సమక్షంలో కూర్చుంటారు, మీరు ఫోన్‌లో వింటారు. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం గనుక వాతావరణ హెచ్చరిక చూసి గాని తేదీ ఖాయం చేయకూడదు. సంక్రాంతి వారంలో పిల్లలు ప్రభల తీర్థాలకు, కోడిపందేల బరులకు పోతారు, పిలిచినా రారు. మార్చిలో పదో తరగతి పరీక్షలు. మిగిలిన నెలల్లో నెలకు ఒకటి చాలు.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. అయితే మొదటి హెచ్చరిక వచ్చేదాకా ఆగడం మన పనికి సరిపోదు, పల్లపు బాటలు, కాజ్‌వేలు అంతకు ముందే మునిగే చోట్లు ఉన్నాయి. పడవ నడిపే సరంగు వద్దంటే వద్దు, అదే నియమం. 2018 జూలైలో ఐ. పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడి పిల్లలు ఎక్కిన పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తాపడిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. ప్రతి పిల్లవాడికీ లైఫ్ జాకెట్ లేకపోతే సమావేశం లేదు. పడవ ఛార్జీ మీరే ఇవ్వాలి, అది కూడా ఎక్కేముందే చేతికి ఇవ్వాలి. తరువాత ఇస్తామంటే డబ్బులేని పిల్లవాడు రేవు దాకా కూడా రాడు.

మాట్లాడించడం

మొదటి సమావేశంలో వలయంగా కూర్చోబెట్టి "మీ సమస్యలు చెప్పండి" అంటే ఎవరూ నోరు విప్పరు. చేతికి పని ఉన్నప్పుడు ఈ వయసు పిల్లలు బాగా మాట్లాడతారు. మేము వాడే పద్ధతి తడి ఇసుకలో పటం గీయించడం. నీటి అంచున ఒక అబ్బాయి విరిగిన గెడ ముక్కతో లంక ఆకారం గీస్తాడు. వెంటనే ఇంకొకడు "ఈ కొస ఇప్పుడు లేదురా, మొన్నటి వరదకు కోసుకుపోయింది" అని చెరిపి సరిచేస్తాడు. ఇళ్ళకు గుల్లలు, దీపం లేని చోటికి బొగ్గుముక్క, కాలు జారే రేవు మెట్లకు కొబ్బరి పీచు పెడతారు. అలా గీస్తుండగా ఒకసారి, అంతవరకూ పలకని పిల్లవాడు ఒకడు రేవుకు ఎగువన ఒక బొగ్గుముక్క పెట్టాడు. ఏమిటని అడిగితే, సాయంత్రం అక్కడ పెద్దవాళ్ళు ఫోన్‌లో పందేలు కాస్తారని, తమ చేత సిగరెట్లు, ఖైనీ తెప్పిస్తారని చెప్పాడు. ఏ ప్రశ్నాపత్రంతోనూ ఆ సంగతి బయటికి వచ్చేది కాదు. పటాన్ని ఫోటో తీసుకోండి. పిల్లల ముఖాలు అందులో పడనివ్వకండి.

శరీరంలో వచ్చే మార్పులు, స్వప్నస్ఖలనం, గొంతు మారడం, మీసం రాలేదన్న బెంగ, ఆడపిల్లలతో ఎలా మెలగాలి అన్న ప్రశ్నలు నలుగురిలో అడగరు. చీటీల డబ్బా పెట్టండి అని అందరూ చెబుతారు గాని, చిన్న ఊళ్ళో చేతిరాత చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది, చీటీ వేయడానికి లేచినవాడిని అందరూ చూస్తారు. అందుకని ఒకే కొలత చీటీలు, ఒకే రకం పెన్సిళ్ళు అందరికీ ఇచ్చి, అందరూ ఏదో ఒకటి రాసి వేయాలని చెప్పండి. ప్రశ్న లేనివాడు "ఏమీ లేదు" అని రాస్తాడు. చీటీలు చదివిన వెంటనే అక్కడే చింపేయండి. జవాబులు చెప్పడానికి పురుష ఆరోగ్య సహాయకుడు దొరికితే మంచిది. "మగపిల్లాడివై ఉండి ఏడుస్తావేంట్రా" అన్న మాట వారు ఎన్నిసార్లు విన్నారో ఒకసారి లెక్కపెట్టించండి. ఆ రోజు సమావేశం ఇక వేరే అంశం మీదికి పోదు, పోనక్కరలేదు కూడా.

తినడానికి ఏదైనా ఉండాలి. అరటిపళ్ళు, వేడి పుణుకులు చాలు. ఉదయం ఏడింటికి పడవ ఎక్కినవాడు తొమ్మిదింటికి ఆకలి మీద ఉంటాడు.

రక్షణ విషయంలో రాజీ లేనివి కొన్ని ఉన్నాయి. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, ఏ పిల్లవాడితోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా మాట్లాడకూడదు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు. లైంగిక వేధింపు సంగతి తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి, ఆ చట్టం మగపిల్లలకు కూడా వర్తిస్తుంది. ఈ సంగతి తెలియని పెద్దలు ఇంకా ఉన్నారు. కాబట్టి, పిల్లవాడు నోరు విప్పడానికి ముందే "నీకు ప్రమాదం ఉందనిపిస్తే సాయం చేయగలవారికి చెబుతాను" అని స్పష్టంగా చెప్పాలి. పిల్లల సహాయానికి 1098, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416 నంబర్లను పుస్తకం అట్ట మీద రాయించండి. వాట్సాప్ గ్రూపు పెడితే పిల్లల తల్లిదండ్రుల ఫోన్లతో పెట్టండి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారిని పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది.

బదులు తేవడం

ప్రతి సమావేశం, కిందటిసారి అడిగినదానికి వచ్చిన బదులుతోనే మొదలుకావాలి. ఒక పొడుగు నోటుపుస్తకంలో నాలుగు గళ్ళు గీయించండి: ఏమి అడిగాము, ఎవరికి చెప్పాము, వారు ఏమన్నారు, ఏ తేదీన. రాసేది పిల్లలే, వంతులవారీగా. ఒక సమావేశంలో ఒకే కోరిక తీర్మానించనివ్వండి, అది చిన్నదైతే మరీ మంచిది. మా పిల్లలు తొలి ఏడాది అడిగింది వంతెన కాదు. పదో తరగతి వారికి సాయంత్రం ప్రత్యేక తరగతులు జరిగే రోజుల్లో ఆఖరి పడవను అరగంట ఆలస్యంగా వదలమన్నారు. పాటదారు మొదట కుదరదన్నాడు. కారణం అడిగితే, చీకటి పడితే ఆవలి రేవులో మెట్లు కనిపించవన్నాడు. పిల్లలు ఆ కారణాన్ని గడిలో రాసుకుని, రెండో నెలలో పంచాయతీని ఆ మెట్ల దగ్గర దీపం పెట్టమని అడిగారు. దీపానికి నాలుగు నెలలు పట్టింది. పడవ వేళ ఆ తరువాతి వారమే మారింది. కార్యదర్శి దగ్గరికి వెళ్ళింది ఇద్దరు పిల్లలు, నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. మాట్లాడడానికి తడబడతారని మధ్యలో కల్పించుకోవాలనిపిస్తుంది, ఆపుకోవాలి.

ఏడాది చివర సగం మందిని మార్చి సగం మందిని ఉంచండి, లేకపోతే పాత సంగతులు చెప్పేవాడు ఉండడు. పెద్దవారు ఇంటర్‌కో, పాలిటెక్నిక్‌కో అమలాపురం, కాకినాడ వెళ్ళిపోతారు. సెలవులకు వచ్చినప్పుడు కొత్తవారితో ఒక పూట కూర్చోమనండి. నోటుపుస్తకాన్ని బడి బీరువాలో కింది అరలో పెట్టకండి. మాది అలా పెట్టిన ఏడాదే నీళ్ళు వచ్చి మొదటి పదిహేను పేజీల సిరా అంతా కరిగిపోయింది. ఇప్పుడు దానిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఆ ఏటి బృందంలో అందరికంటే ఎత్తయిన అటక ఎవరి ఇంట్లో ఉంటే అక్కడ ఉంచుతున్నాము.