చెరువు దగ్గర కెమెరాలు ఆగిపోతే తప్పు ఫైబర్‌దా, కరెంటు బాక్సుదా?

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు రొయ్యల చెరువుల మీద కెమెరాలు పెట్టుకున్నవాళ్లందరికీ తెలిసిన ఇబ్బందే ఇది. ఫోన్‌లో కెమెరా ఆఫ్‌లైన్ అని కనిపించగానే ఫైబర్ తెగిపోయిందని అనేసుకుని స్ప్లైసింగ్ (తెగిన ఫైబర్ అతకడం) చేసే అబ్బాయిని పిలుస్తారు, అతనొచ్చి చూస్తే ఫైబర్ శుభ్రంగా ఉంటుంది. నేను చూసినంతలో ఎక్కువసార్లు తప్పు గట్టు మీదున్న కరెంటు బాక్సులోనే దొరికింది. అందుకే ముందు కరెంటు, తర్వాత ఫైబర్‌లో వెలుగు, ఆఖరున కేబులు, ఈ వరుసలో చూడండి.

నేను మాట్లాడుతున్న సెటప్ ఇది: ఇంటి దగ్గర రూటరు, దాని పక్కన ఒక మీడియా కన్వర్టర్ (లాన్ సిగ్నల్‌ని ఫైబర్ వెలుగుగా, వెలుగుని తిరిగి సిగ్నల్‌గా మార్చేది), అక్కడి నుంచి గట్టు దాకా సింగిల్ కోర్ (ఒకే పోగున్న) ఫైబర్, గట్టు మీద పోల్‌కి బిగించిన బాక్సు, అందులో ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్), రెండో కన్వర్టర్, పీఓఈ స్విచ్ (లాన్ కేబులులోనే కెమెరాలకి కరెంటు కూడా పంపేది), అక్కడి నుంచి కెమెరాలకి లాన్ కేబుళ్లు. లాన్ కేబులుకి 100 మీటర్ల హద్దు ఉంది కాబట్టి అంతకంటే దూరముంటే చెరువు దాకా ఫైబరే మంచి దారి.

బాక్సు తెరిచే ముందు మెయిన్ ఆపండి, ఆగిందని మీటరుతో చూసుకోండి. తడి గట్టు మీద తడి చేతులతో ఎంసీబీ ముట్టుకోవడం ప్రాణం మీదకి తెచ్చుకునే పని. వైర్లు బిగించే పని వస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

కన్వర్టర్ మీద ఒక్క లైటూ వెలగడం లేదు

ఇది కరెంటు సమస్య, ఫైబర్ జోలికి వెళ్లకండి. అడాప్టర్ పోయిందేమో చూడండి, ఎండాకాలంలో మూసిన బాక్సు లోపల వేడికి మొదట పోయేది అదే. కొత్తది పెట్టేటప్పుడు పాతదాని మీద రాసున్న వోల్టేజీనే తీసుకోండి, 5 వోల్టుల కన్వర్టర్‌కి పిన్ను సరిపోయింది కదా అని 12 వోల్టుల అడాప్టర్ గుచ్చితే అది అక్కడితో అయిపోతుంది. బాక్సు మీద నేరుగా ఎండ పడకుండా చిన్న రేకు నీడ కట్టిస్తే అడాప్టర్లు ఎక్కువకాలం నిలుస్తాయి.

ఏరేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే మోటార్లు) వేయగానే కెమెరాలు ఆగి, కాసేపటికి వాటంతటవే వస్తున్నాయి

మోటార్ స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, లైను పొడవుగా ఉండి వైరు సన్నగా ఉంటే వోల్టేజీ పడిపోయి స్విచ్ రీస్టార్ట్ అవుతుంది. టెస్టర్ వెలిగింది కదా కరెంటు బాగానే ఉందనుకోవద్దు, అది 150 వోల్టులకీ వెలుగుతుంది. ఏరేటర్లన్నీ తిరుగుతున్నప్పుడు ఎలక్ట్రీషియన్ చేత బాక్సు దగ్గర మల్టీమీటర్ పెట్టించి చూడండి. కెమెరాల లైను స్టార్టర్ ప్యానెల్ చివర నుంచి కాకుండా మెయిన్ దగ్గర నుంచి వేరుగా తీసుకుని, దానికి విడిగా ఎంసీబీ, చిన్న యూపీఎస్ పెడితే ఈ గొడవ దాదాపుగా పోతుంది.

అడాప్టర్లు, స్విచ్, బల్బులు అన్నీ ఒకేసారి కాలిపోయాయి

పిడుగు పడిందంటారు, కానీ ఆ రోజు మబ్బే లేకపోతే న్యూట్రల్‌ని అనుమానించండి. త్రీఫేజు లైనులో ఒక ఫేజు, న్యూట్రల్ తీసుకుని కెమెరాలకి ఇస్తాం. న్యూట్రల్ వదులైతే ఫేజుల మధ్య ఉండే 400 వోల్టుల్లో పెద్ద వాటా తక్కువ లోడున్న ఫేజు మీద పడుతుంది, మన కెమెరాల లోడు ఎప్పుడూ చిన్నదే కాబట్టి దెబ్బ మనకే. కాలేముందు లైట్లు ఒకచోట విపరీతంగా వెలిగి ఇంకోచోట మసకబారాయా అని కూలీలని అడగండి, అవునంటే ఇక సందేహం అక్కర్లేదు. చెరువుల దగ్గర ఉప్పుగాలికి టెర్మినళ్లు పచ్చగా చిలుము పడతాయి, స్క్రూ బిగువుగానే కనిపించినా లోపల పట్టు ఉండదు. చిలుము పట్టిన చివర కత్తిరించి, కొత్తగా లగ్ (వైరు చివర తొడిగే లోహపు ముక్క) కొట్టి బిగించాలి. కెమెరాల లైనుకి ఓవర్ వోల్టేజ్, అండర్ వోల్టేజ్ రిలే (వోల్టేజీ మరీ పెరిగినా తగ్గినా లైను ఆపేసేది) ఒకటి పెట్టించండి, కాలిపోయే సామానుతో పోలిస్తే దాని ఖర్చు చాలా తక్కువ.

వానపడితే, లేదా తెల్లవారుజామున మంచుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్) పడిపోతోంది

దాన్ని తీసేసి డైరెక్ట్ చేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినొద్దు. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకి అది పడుతోందంటే ఎక్కడో నీళ్లలోకో, ఇనుప పోల్‌లోకో కరెంటు పోతోందని అర్థం, ఆ చెరువులోకి దిగి మేత చల్లేది మనుషులే. ఒక్కో లైను విప్పి ఏది తీస్తే నిలుస్తుందో చూడండి. చాలాసార్లు అది టేపు చుట్టి వదిలేసిన జాయింటు, లేదంటే బాక్సులోకి దిగిన నీళ్లు.

బాక్సు సంగతి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు లోపలికి రావని చెప్పే నంబరు) అని రాసున్న బాక్సు కొని, పై భాగంలో డ్రిల్లు వేసి వైర్లు దింపితే ఆ నంబరుకి విలువ లేదు. కేబుళ్లన్నీ కింది నుంచే, సరైన సైజు గ్లాండ్ (కేబులు చుట్టూ బిగుసుకునే బిరడా) ద్వారా రావాలి, లోపలికి వచ్చే ముందు కిందకి ఒక వంపు ఉండాలి, అప్పుడు కేబులు వెంట జారే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. వాడని రంధ్రాలు మూసేయండి, లేకపోతే చీమలు, బల్లులు చేరతాయి. ఈ ప్రాంతంలో ఇనుప బాక్సు తొందరగా తుప్పు పడుతుంది, పాలికార్బొనేట్‌దో ఎఫ్‌ఆర్‌పీ (గాజు నార కలిపిన ప్లాస్టిక్) దో తీసుకోండి. ఇనుపదే ఉంటే ఎర్తింగ్ తప్పనిసరి. ఫైబర్ చివరలకి వేరే చిన్న బాక్సు ఉండాలి, 230 వోల్టుల వైర్ల మధ్య ప్యాచ్‌కార్డు (కన్వర్టర్‌కి గుచ్చే పల్చటి ఫైబర్ వైరు) చుట్టిపెట్టొద్దు.

పవర్ లైటు ఉంది, ఎఫ్‌ఎక్స్ (ఫైబర్ లింకు) లైటు లేదు

ఇప్పుడు ఫైబర్ వైపు రండి. ఈ మధ్యే కన్వర్టర్ మార్చారా? సింగిల్ కోర్ కన్వర్టర్లు జంటగా వస్తాయి, ఒకటి 1310 నానోమీటర్లలో పంపి 1550లో అందుకుంటుంది, రెండోది దానికి తిరగేసి. రెండు చివర్లా ఒకే రకం పెడితే ఎంతసేపు చూసినా లింకు రాదు. ఒకవైపు 100 ఎంబీదీ, ఇంకోవైపు గిగాబిట్‌దీ పెట్టినా అంతే. కనెక్టర్ రంగు కూడా చూడండి, నీలం పోర్టులో ఆకుపచ్చ కనెక్టర్ దూరుతుంది కానీ కోణం కలవక వెలుగు పోతుంది, చివర కూడా దెబ్బతింటుంది. కొన్ని కన్వర్టర్లలో ఫైబర్ పోతే లాన్ లైటు కూడా ఆరిపోయే సెట్టింగు ఉంటుంది, అది చూసి లాన్ కేబులు మార్చేస్తుంటారు.

ఇవేవీ కాకపోతే కనెక్టర్ చివర శుభ్రం చేయండి, చొక్కా అంచుతో కాదు, క్లీనర్ పెన్నుతో. కన్వర్టర్‌లోకి గానీ ఫైబర్ చివరలోకి గానీ కళ్లు పెట్టి చూడొద్దు, ఆ లేజర్ కంటికి కనిపించదు కానీ హాని చేయొచ్చు.

లింకు ఉంది, వీడియో ఆగి ఆగి వస్తోంది

వెలుగు కొలిచే పవర్ మీటరుతో రెండు చివర్లా కొలిపించండి. ఫైబర్‌లో నష్టం 1310 దగ్గర కిలోమీటరుకి 0.35 డీబీ (డెసిబెల్) ప్రాంతం, కనెక్టర్లు కలుపుకున్నా అర కిలోమీటరు లైనుకి ఒకటి రెండు డీబీలు దాటకూడదు. నష్టం ఎనిమిదో పదో చూపిస్తే ఎక్కడో మడత ఉంది, లేదా కనెక్టర్ మురికిగా ఉంది. మడత దెబ్బ 1310 కంటే 1550కి ఎక్కువ తగులుతుంది, అందుకే ఒక్కోసారి ఒక చివర లైటు వెలిగి రెండో చివర వెలగదు. ఎర్ర లేజర్ పెన్ను పెట్టి చీకటిపడ్డాక చూస్తే పల్చటి ప్యాచ్‌కార్డు మడత దగ్గర ఎర్రగా కనిపిస్తుంది, నల్లటి కేబులులో మాత్రం కనిపించకపోవచ్చు. బాక్సులో మిగిలిన ఫైబర్‌ని జిప్‌టైతో బిగించి లాగడమే దీనికి మామూలు కారణం, వదులుగా గుండ్రంగా చుట్టి వెల్క్రోతో కట్టండి.

కేబులే తెగింది

గట్టు మీద పందికొక్కులు, చెరువు బాగుచేయడానికి వచ్చిన జేసీబీ, ఎక్కువగా ఈ రెండే. పైపులో వేసి, పైపు రెండు మూతులూ మూయండి. పైనుంచి లాగితే ఇనుప తీగ ఉన్న డ్రాప్ కేబులు వద్దు, కరెంటు తీగకి తగిలినా పిడుగు పడినా ఆ తీగ వెంటే ప్రమాదం బాక్సులోకి వస్తుంది, ఎఫ్‌ఆర్‌పీ పుల్లలున్నది తీసుకోండి. ఇప్పటికే ఇనుపది ఉంటే ఆ తీగని పోల్ దగ్గర కొక్కేనికే ఆపి, బాక్సులోకి ఫైబర్ మాత్రమే రానివ్వండి. కరెంటు స్తంభాల మీద వేలాడదీయాలంటే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) అనుమతి కావాలి, లైన్‌మన్‌కి నోటిమాటగా చెప్పడం చాలదు. తెగినచోట ఫ్యూజన్ స్ప్లైసింగ్ చేయించి క్లోజర్ (ఆ జాయింటుని కాపాడే మూతడబ్బా) పెట్టించండి, ఆ పక్కనే పది మీటర్లు అదనపు కేబులు చుట్టి ఉంచితే మళ్లీ తెగినా కొత్త ముక్క కలపకుండానే పని అవుతుంది.